చిన్న వ్యాపారం వెబ్‌సైట్‌కు ఎస్ఈఓ: పునాది పని యజమానిదే

కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకున్న చిన్న వ్యాపారులకు తరచుగా అందే ఈమెయిల్ ఒకటుంది. మీ సైటును గూగుల్‌లో మొదటి స్థానానికి తీసుకొస్తామని, నెలనెలా ఇంత చెల్లిస్తే చాలని, ఫలితానికి పూచీ తమదని అందులో రాసి ఉంటుంది. అయితే మొదటి ర్యాంకు ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది. ఆ మాట తెలియక, తెలిసినా ఈ విద్య తమకు అంతుపట్టదన్న భయంతో, ఎంతోమంది యజమానులు సైటును పూర్తిగా వేరొకరి చేతిలో పెట్టేస్తున్నారు. ఇది డబ్బు నష్టంతో పోయే వ్యవహారం కాదు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎస్ఈఓ అని అందరూ పిలిచే సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్‌లో ఒక చిన్న సైటుకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చే ముడిసరుకు, తన దగ్గరికి వచ్చేవారు ఏం అడుగుతారో, ఏ మాటలతో అడుగుతారో, ఏ జవాబు విన్నాక నమ్ముతారో అన్న ఎరుక. అది యజమాని దగ్గర తప్ప మరెక్కడా దొరకదు. అందుకే పునాది పని యజమానే చేయాలని, సాంకేతిక సహాయం ఆ తరువాతే తీసుకోవాలని నా వాదన.

సెర్చ్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. గూగుల్‌బాట్ వంటి క్రాలర్ ప్రోగ్రాములు ఒక పేజీలోని లింకుల వెంట మరో పేజీకి వెళ్తూ వాటి ప్రతులను తెచ్చుకుంటాయి. తెచ్చుకున్న పేజీలో ఏముందో విశ్లేషించి ఇండెక్స్ అనే భారీ సూచికలో చేర్చుకోవడం రెండో దశ. ఎవరైనా ఏదైనా వెతికినప్పుడు ఆ సూచికలోంచి తగిన పేజీలను ఎంచి వరుసలో పెట్టడం మూడో దశ. ఎస్ఈఓ పేరుతో జరిగే చర్చంతా సాధారణంగా ఈ మూడో దశ గురించే ఉంటుంది. కానీ కొత్త సైట్లలో అసలు చిక్కు చాలాసార్లు మొదటి రెండు దశల్లోనే ఉంటుంది, ఇండెక్స్‌లోకే చేరని పేజీకి ర్యాంకు అన్న ప్రశ్నే ఉండదు.

దీన్ని ఎవరైనా సొంతంగా చూసుకోవచ్చు. గూగుల్ సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషులో ‘site’ అని, దాని పక్కనే కోలన్, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, టైపు చేస్తే గూగుల్‌కు తెలిసిన మీ పేజీలు కొన్ని కనిపిస్తాయి. కచ్చితమైన సమాచారం కావాలంటే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉంది. ఈ ఉచిత సేవలో సైటు మీదేనని నిరూపించుకుంటే ఏ పేజీ ఇండెక్స్‌లో ఉంది, ఏది లేదు, లేకపోతే కారణమేమిటి అన్నది చూపిస్తుంది. బింగ్‌కూ ఇలాంటిదే వెబ్‌మాస్టర్ టూల్స్ పేరుతో ఉంది. వర్డ్‌ప్రెస్‌లో కట్టిన సైట్ల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. సైటు తయారయ్యేదాకా సెర్చ్ ఇంజన్లు ఇండెక్స్ చేయకుండా ఆపేందుకు సెట్టింగ్స్‌లోని రీడింగ్ భాగంలో ఒక టిక్కు పెట్టెను ఇచ్చారు. సైటు తెరిచాక దాన్ని తీయడం మరిచిపోతే, పేజీలు ఎంత బాగా రాసినా అవి సెర్చ్‌లో ఎవరికీ కనబడవు.

రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు విషయంలోనూ తికమక ఎక్కువ. 1994 నుంచి వాడుకలో ఉండి, 2022లో ప్రతిపాదిత ఇంటర్నెట్ ప్రమాణంగా ప్రచురితమైన ఈ పద్ధతి క్రాలర్లకు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెప్తుంది. పేజీని ఇండెక్స్‌లోంచి తీసేయడం దాని పని కాదు. అలా తీసేయాలంటే పేజీలో నోఇండెక్స్ అన్న ఆదేశం ఉంచాలి, ఆ ఆదేశాన్ని చదవడానికి క్రాలర్‌ను లోపలికి రానివ్వాలి. ఈ ఫైలులో అడ్డు, పేజీలో నోఇండెక్స్ రెండూ ఒకేసారి పెడితే క్రాలర్ ఆ ఆదేశాన్ని చూడనే చూడదు, బయటి లింకులు ఉంటే పేజీ చిరునామా ఇండెక్స్‌లో మిగిలిపోవచ్చు కూడా. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల చిరునామాల జాబితా ఉన్న ఫైలు) గురించి మాత్రం ఆందోళన అక్కర్లేదు. ఒక్కో సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 చిరునామాల దాకా ఇవ్వవచ్చు, చిన్న వ్యాపారానికి అందులో వెయ్యో వంతు కూడా అవసరం పడదు. పేజీలన్నీ ఒకదానికొకటి లింకులతో కలిసి ఉంటే సైట్‌మ్యాప్ లేకపోయినా క్రాలర్ దారి కనుక్కుంటుంది.

ఇక మాటల దగ్గరికి వస్తాను. నా దృష్టిలో ఎస్ఈఓలో అతి ముఖ్యమైనదీ, అతి తక్కువ శ్రద్ధ పొందేదీ ఇదే. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే ఒక వ్యాపారాన్ని ఊహించండి. ఆ సైటు మొదటి పేజీలో ‘గృహోపకరణాల సమగ్ర నిర్వహణలో విశ్వసనీయ భాగస్వామి’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నేల మీద నీళ్లు కారుతున్న మెషీన్ ముందు ఫోను పట్టుకుని నిలబడిన మనిషి ఆ వాక్యాన్ని ఎన్నడూ వెతకడు. ‘వాషింగ్ మెషీన్ కింద నుంచి నీళ్లు కారుతున్నాయి’ అనో, ‘మెషీన్ తిరగడం లేదు’ అనో, ‘వాషింగ్ మెషీన్ రిపేర్’ అనో వెతుకుతాడు. ఈ మూడు వెతుకులాటల వెనకా మూడు వేర్వేరు అవసరాలున్నాయి. మొదటివాడికి కారణం తెలియాలి, తనే సరిచేసుకోగలిగితే సరిచేసుకుంటాడు. రెండోవాడు బాగుచేయించడమా, కొత్తది కొనడమా అన్న సందిగ్ధంలో ఉండవచ్చు. మూడోవాడికి ఇప్పుడే ఒక మెకానిక్ కావాలి. ఇందులో ఎవరికి ఏ పేజీ చూపాలో నిర్ణయించుకోవడమే కీవర్డ్ పరిశోధన అన్న పెద్ద పేరుతో చెలామణి అయ్యే పని.

ఆ మాటలు తెలుసుకోవడానికి ఖరీదైన టూల్ ఏదీ మొదట్లో అక్కర్లేదు. ఫోన్ చేసినవారు మొదటి వాక్యంలో ఏమన్నారో ఒక పుస్తకంలో వారి మాటల్లోనే రాసిపెట్టుకుంటూ పోతే, కొన్ని వారాలకు ఏ ఏజెన్సీ ఇవ్వలేని జాబితా తయారవుతుంది. ఆ మాటలను గూగుల్‌లో టైపు చేయడం మొదలుపెట్టగానే కింద వచ్చే సూచనలు, ఫలితాల మధ్యలో కనిపించే ప్రశ్నలు, పేజీ చివర ఉండే సంబంధిత వెతుకులాటలు దాన్ని ఇంకా పెంచుతాయి. వచ్చిన ఫలితాలను కూడా శ్రద్ధగా చదవాలి. ఒక మాటకు మొదటి పేజీ నిండా వీడియోలూ, వివరణ వ్యాసాలూ వస్తుంటే, ఆ మాట వెతికేవారికి వివరణ కావాలని సెర్చ్ ఇంజన్ అర్థం చేసుకున్నట్టు. అక్కడ ధరల పట్టికతో పోటీకి దిగితే ప్రయోజనం ఉండదు.

సేకరించిన మాటలను పేజీలో కుక్కడం మాత్రం చేయకూడదు. ఒకే పదాన్ని వాక్యం వాక్యంలో తిప్పి రాయడం, తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలతో పదాలు దాచడం వంటివి గూగుల్ స్పామ్ విధానాల ప్రకారం ఉల్లంఘనలు. చదివేవారికి కనబడకుండా పేజీ కోడ్‌లో పదాల జాబితా పెట్టే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను నింపి దానికి డబ్బు తీసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ర్యాంకింగ్‌కు ఆ ట్యాగ్‌ను వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. 2019లో బెర్ట్ అనే భాషా నమూనాను సెర్చ్‌లో ప్రవేశపెట్టాక, వాక్యంలో పదాల మధ్య సంబంధాన్ని గ్రహించే శక్తి మరింత పెరిగింది. కాబట్టి ‘రిపేర్’, ‘రిపేరింగ్’, ‘సర్వీస్’ అంటూ ప్రతి రూపానికీ ఒక పేజీ కట్టనవసరం లేదు. ప్రాంతం పేరు మాత్రం మార్చి మిగతాదంతా మక్కీకి మక్కీ ఉంచిన పేజీలు కూడా అలాంటివే. వాటిని డోర్‌వే పేజీలంటారు, అవి కూడా స్పామ్ కిందికే వస్తాయి.

ఒక్కో సేవకు, ఒక్కో ప్రధాన అవసరానికి ఒక్కో పేజీ ఉండటం మంచిది. ఆ పేజీ టైటిల్ సెర్చ్ ఫలితాల్లో సాధారణంగా నీలి అక్షరాల లింకుగా కనిపిస్తుంది కనుక అందులో సేవ పేరు, సేవ అందే ప్రాంతం, వ్యాపారం పేరు సూటిగా ఉండాలి. ‘హోమ్’ అని మాత్రమే టైటిల్ ఉన్న మొదటి పేజీలు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. ప్రతి పేజీకీ ఒకే టైటిల్ ఉండటం కూడా అంతే నష్టం. పేజీలో ఏముందో క్లుప్తంగా చెప్తూ దాని కోడ్‌లో రాసే మెటా డిస్క్రిప్షన్ ర్యాంకును పెంచదు, కానీ లింకు కింద వచ్చే రెండు వరుసల వివరణగా గూగుల్ దాన్ని చూపే అవకాశం ఉంది, ఆ రెండు వరుసలు చదివే మనిషి క్లిక్ చేయాలో వద్దో తేల్చుకుంటాడు. ఫోన్ నంబరు, పనివేళలు, ధరల జాబితా వంటివి బొమ్మలో అచ్చువేసి పెట్టకుండా పేజీలో అక్షరాలుగా రాయాలి. ఫొటో పెడితే అందులో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ రాయాలి. అది క్రాలర్‌కు పనికొస్తుంది, అంతకంటే ముఖ్యంగా చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు పనికొస్తుంది.

పేజీలో ఏం రాయాలన్న దగ్గర నా అభిప్రాయం గట్టిది. నెలకు ఇన్ని వ్యాసాలని ఒప్పందం చేసుకుని, ఏ వ్యాపారానికైనా అతికే సాధారణ సమాచారంతో బ్లాగు నింపడం వ్యర్థమనే కాదు, హానికరమని కూడా నమ్ముతున్నాను. పసలేని పేజీలను వెనక్కి నెట్టే ప్రయత్నం గూగుల్ 2011లో పాండా అనే మార్పుతో గట్టిగా మొదలుపెట్టింది. మనుషులకు సహాయపడే రాతకు పెద్దపీట వేసే మరో వ్యవస్థను 2022లో తెచ్చి, 2024 మార్చిలో దాన్ని తన ప్రధాన ర్యాంకింగ్ వ్యవస్థలో కలిపేసింది. ఆ 2024 మార్చిలోనే, ర్యాంకుల కోసం పెద్ద ఎత్తున ఉత్పత్తి చేసే పేజీలను, అవి మనిషి రాసినా యంత్రం రాసినా, స్పామ్‌గా పరిగణిస్తామని ప్రకటించింది. సెర్చ్ ఫలితాల నాణ్యతను అంచనా వేసే సిబ్బందికి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అన్న మూడింటికి 2022 డిసెంబరులో ప్రత్యక్ష అనుభవం అన్న నాలుగోది చేరింది. అది నేరుగా కొలిచే ర్యాంకింగ్ అంశం కాకపోయినా, గూగుల్ ఎటు వెళ్లదలచుకుందో చెప్తుంది.

ఆ అనుభవం ఎవరిది? వందల మెషీన్లు విప్పి చూసిన యజమానిది. ఏ భాగం త్వరగా అరుగుతుందో, ఏ లోపాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చో, ఎంత పాత మెషీన్ మీద ఇక ఖర్చు పెట్టడం దండగో, ఏ పని తాము చేయరో అతనికి తెలుసు. ‘ఈ పని మేము చేయము’ అని రాయడానికి చాలామంది జంకుతారు. నిజానికి ఆ వాక్యం ఉన్న పేజీని చదివినవారు మిగతా వాక్యాలను ఎక్కువ నమ్ముతారు. పనికి ఎంత సమయం పడుతుంది, ఖర్చు దేన్నిబట్టి మారుతుంది, బాగుచేశాక మళ్లీ పాడైతే ఏమిటి అన్న ప్రశ్నలకు సూటిగా జవాబులు, తాము చేసిన పని ఫొటోలు ఉన్న ఒక్క పేజీ అరువు తెచ్చుకున్న ఇరవై వ్యాసాల కంటే విలువైనది. యజమానికి రాయడం రాకపోతే మాట్లాడి రికార్డు చేసి ఇవ్వవచ్చు, దాన్ని మరొకరు వాక్యాలుగా కూర్చవచ్చు. విషయం మాత్రం అతనిదే కావాలి.

కస్టమర్ దగ్గరికి వెళ్లో, తన చోటికి రప్పించుకునో సేవ చేసే వ్యాపారమైతే, వెబ్‌సైట్‌తో పాటు గూగుల్ సెర్చ్‌లో, మ్యాపుల్లో వ్యాపారం వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తప్పనిసరి. మ్యాపుతో పాటు వచ్చే స్థానిక ఫలితాలకు వెతికిన దానితో పొంతన, దూరం, వ్యాపారానికి ఉన్న గుర్తింపు అనే మూడు ప్రధాన ఆధారాలని గూగుల్ చెప్తుంది. దూరాన్ని ఎవరూ మార్చలేరు. సరైన కేటగిరీ ఎంచుకోవడం, సెలవు రోజుల్లో సహా పనివేళలు తప్పులేకుండా ఉంచడం, పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా రాయడం మన చేతిలో ఉన్న పనులు. పని ముగిశాక రివ్యూ రాయమని మర్యాదగా అడగడంలో తప్పులేదు. రివ్యూకు బదులు రాయితీ ఇవ్వజూపడం, కొని తెచ్చుకోవడం నిబంధనలకు విరుద్ధం, పైగా చదివేవారిని మోసగించడం. చెడ్డ రివ్యూకు ఓపికగా, వివరాలతో ఇచ్చిన జవాబును తరువాత వచ్చేవారు తప్పక చదువుతారు.

లింకుల విషయంలో జరిగినంత మోసం ఈ రంగంలో మరెక్కడా జరగలేదు, దానికి చారిత్రక కారణం ఉంది. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించినప్పుడు దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసింది పేజ్‌ర్యాంక్ అనే ఆలోచన. ఒక పేజీకి ఇతర పేజీలు ఇచ్చే లింకులను, ఆ ఇచ్చే పేజీల ప్రాధాన్యాన్ని కలిపి లెక్కగట్టి ఆ పేజీ విలువను అంచనా వేయడం దాని సారం. లింకుకు విలువ ఉందని తెలిసిన వెంటనే లింకుల అమ్మకం పుట్టుకొచ్చింది. లింకు ద్వారా ఆ విలువ బదిలీ కాకుండా చేసే నోఫాలో గుర్తు 2005లో వచ్చింది, ర్యాంకుల కోసం కృత్రిమంగా కట్టిన లింకుల మీద పెంగ్విన్ అనే మార్పు 2012లో విరుచుకుపడింది. డబ్బిచ్చి పొందిన లింకులను గుర్తించడానికి స్పాన్సర్డ్ అనే ప్రత్యేక గుర్తు 2019లో చేరింది. ఇంత జరిగాక కూడా ‘వెయ్యి బ్యాక్‌లింకులు’ అంటూ ఇతర సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులను అమ్మేవారి నుంచి కొనడమంటే, పనిచేయనిదానికో హాని చేసేదానికో డబ్బు పెట్టడమే. వారు చూపించే డొమైన్ అథారిటీ స్కోరు కూడా ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసుకున్న కొలమానం, గూగుల్ దాన్ని ర్యాంకింగ్‌కు వాడదు.

చిన్న వ్యాపారానికి న్యాయంగా దొరికే లింకులు కొద్దిగానే ఉంటాయి, ఆ కొద్దే చాలు. సరుకు సరఫరా చేసే కంపెనీ తన అధీకృత సేవాకేంద్రాల జాబితాలో పేరు చేర్చవచ్చు. వృత్తి సంఘం సభ్యుల పేజీలో చోటు దొరకవచ్చు. ఇక పూర్తిగా మన చేతిలో ఉన్నవి సైటు లోపలి లింకులు. నీళ్లు కారడం గురించి రాసిన పేజీ నుంచి రిపేర్ సేవ పేజీకి లింకు ఇచ్చేటప్పుడు ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అన్న మాటల మీద కాకుండా ‘వాషింగ్ మెషీన్ రిపేర్’ అన్న మాటల మీద ఇస్తే, ఆ లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో మనిషికీ క్రాలర్‌కూ తెలుస్తుంది.

వేగం, మొబైల్, భద్రత గురించి క్లుప్తంగా చెప్తాను. గూగుల్ ఇప్పుడు సైటు మొబైల్ రూపాన్నే ప్రధానంగా చదువుతుంది కనుక కంప్యూటర్‌లో ఉండి ఫోనులో లేని సమాచారం లేనట్టే లెక్క. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, తాకితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలని గూగుల్ ప్రమాణాలు పెట్టింది. చిన్న సైట్లలో దీనికి అడ్డుపడేవి ఎక్కువగా కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించిన భారీ ఫొటోలు, వాటిని కుదిస్తే చాలావరకు సరిపోతుంది. హెచ్‌టీటీపీఎస్ (సైటుకూ చూసేవారికీ మధ్య సమాచారాన్ని సురక్షితంగా పంపే పద్ధతి) 2014 నుంచి ఒక చిన్న ర్యాంకింగ్ అంశం, అయినా దాన్ని ర్యాంకు కోసం కాక వచ్చినవారి భద్రత కోసమే పెట్టుకోవాలి. వేగం స్కోరు వందకు వంద తెచ్చుకోవాలని వారాల తరబడి తిప్పలు పడటం కంటే ఆ సమయంలో ఒక మంచి పేజీ రాయడం మేలు.

ఈ పనులన్నిటికీ తీరిక ఎక్కడిదని యజమానులు అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఇది ఒకేసారి చేయవలసిన పని కాదు. ఎస్ఈఓ మార్పులు చేపట్టి వాటి ఫలితం కనబడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ చెప్పింది. వారంలో ఒక పూట కేటాయించి ఒక్కో పేజీనే సరిచేసుకుంటూ పోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. సెర్చ్ కన్సోల్ గత 16 నెలల వివరాలు చూపిస్తుంది. ఏ మాటలకు మన పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్కులు వచ్చాయన్నది అందులో ఉంటుంది. ఎక్కువసార్లు కనిపించి తక్కువ క్లిక్కులు వచ్చిన పేజీ ఉంటే దాని టైటిల్ వెతికేవారి అవసరానికి సరిపోతోందో లేదో చూడాలి. మనం పేజీయే రాయని మాటకు మన సైటు అక్కడక్కడా కనిపిస్తుంటే, తరువాత రాయవలసిన పేజీ అదే కావచ్చు.

కృత్రిమ మేధ జవాబులు వచ్చాక ఇదంతా దండగని మరికొందరి వాదన. గూగుల్ 2024లో ఏఐ ఓవర్‌వ్యూలను విస్తృతంగా ప్రవేశపెట్టిన తరువాత కొన్ని ప్రశ్నలకు జవాబు ఫలితాల పైనే దొరుకుతోంది, సాధారణ సమాచారం మీద ఆధారపడిన సైట్లకు దానివల్ల దెబ్బ తగలవచ్చు. అయితే ఆ జవాబుల్లో కనిపించడానికి ప్రత్యేకమైన విద్య ఏదీ అక్కర్లేదని, మామూలు ఎస్ఈఓ మూలసూత్రాలే వర్తిస్తాయని గూగుల్ చెప్తోంది. పైగా నీళ్లు ఎందుకు కారుతున్నాయో యంత్రం చెప్పగలదేమో కానీ, ఇంటికి వచ్చి మెషీన్ విప్పేది మనిషే. ఆ మనిషి ఎవరు, ఎప్పుడు రాగలడు, ఎంత తీసుకుంటాడు అన్నది ఎక్కడో ఒకచోట స్పష్టంగా రాసి ఉండాలి.

సాంకేతిక నిపుణుల అవసరం లేదని నేను అనడం లేదు. సైటు చిరునామాలు మార్చేటప్పుడు పాతవాటి నుంచి కొత్తవాటికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్టులు పెట్టించకపోతే సంపాదించుకున్న స్థానం చేజారిపోతుంది, అది తెలిసినవారితోనే చేయించాలి. అలాంటివారిని పెట్టుకునేటప్పుడు ఏ పేజీలో ఏం మార్చబోతున్నారో, ఎందుకో ముందే రాసి ఇమ్మనాలి. ‘అది మా రహస్య పద్ధతి’ అన్న జవాబు వస్తే అక్కడే ఆపేయాలి. సైటు డొమైన్ పేరు వ్యాపార యజమాని పేరు మీదే నమోదై ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో, బిజినెస్ ప్రొఫైల్‌లో యజమాని హక్కులు తన ఖాతాకే ఉంచుకుని, పని చేసేవారికి ఆ పనికి కావలసినంత అనుమతి మాత్రమే ఇచ్చి, ఒప్పందం ముగిసిన రోజున దాన్ని తొలగించాలి.